పురుగుల షెడ్డుకు చల్లగాలి: కరెంటు ఎంత, నీళ్ళు ఎంత?

(రైతు శిక్షణ తరగతిలో హిందూపురం ప్రాంతపు పట్టు రైతు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం. – సంపాదకవర్గం)



మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. మనకు ఉక్క పోయకూడదని నిర్వాహకులు ఈ హాల్లో రెండు కూలర్లు పెట్టించారు. సంతోషం. కానీ చల్లదనం బయటికి పోతుందని కిటికీలన్నీ మూసేశారు. వెనక వరసలో కూర్చున్న తమ్ముళ్ళు లేచి ఆ నాలుగు కిటికీలూ తీయండి. కూలర్లను గోడకు ఆనించి పెట్టారు, వాటిని ఇటు గుమ్మం దగ్గరికి జరపండి, వీపు బయటికి ఉండేలా. అంతే. పది నిమిషాల తర్వాత ఎలా ఉందో మీరే చెప్పండి. ఈ ఒక్క సంగతి తెలియకనే నేను ఒక పంట మొత్తం పోగొట్టుకున్నాను.

ఆ సంగతి ముందు చెబుతాను. మాది రెండెకరాల మల్బరీ. యాభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు షెడ్డు, పైన సిమెంటు రేకులు. పసుపు గూళ్ళ సి.బి. పురుగు పెంచినన్నాళ్ళూ ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చాం. కిటికీలకు తడి గోనె పట్టాలు కట్టేవాళ్ళం, నేలమీద నీళ్ళు చల్లేవాళ్ళం. తెల్లగూళ్ళకు ధర బాగుందని బైవోల్టిన్‌కు మారాక ఆ ఉపాయాలు చాలలేదు. అది ఎండకు తట్టుకునే పురుగు కాదు. ఏప్రిల్ నెలలో రెండు వందల గుడ్లు దింపాం. నాలుగో జ్వరం లేచింది. ఆకు బాగా తింటోంది. అప్పుడు ఎండ ముదిరింది. అప్పు చేసి మూడు పెద్ద కూలర్లు తెచ్చాను. అమ్మినాయన గట్టిగా చెప్పాడు: తలుపులు, కిటికీలు బిగించి పెట్టండి, ఏసీలా ఉంటుంది అని. ఊజీ ఈగ భయం కూడా ఉంది కదా, బిగించేశాను.

మొదటిరోజు చల్లగానే ఉంది. రెండోరోజుకు షెడ్డులో అడుగు పెడితే చొక్కా ఒంటికి అతుక్కుంది. పడకలో ఆకు ఆరలేదు, కింద లద్దె బురద అయింది, వాసన మొదలైంది. మూడో రోజు పురుగు ఆకు ముట్టలేదు. ఐదో రోజుకు గంపలతో ఎత్తి గుంటలో పోశాం. మా ఇంటామె ఆ గంపలు మోస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ రోజు నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తప్పు కూలరుది కాదు, నాది. దాని సూత్రం తెలుసుకోకుండా వాడాను.

సూత్రం మన ఇళ్ళల్లో ఉన్నదే. మట్టికుండ, మునుపటి కచేరీల్లో వేలాడదీసిన వట్టివేళ్ళ తడికలు, కిటికీకి కట్టిన తడి గోనె. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరైపోతే గాలిలోంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. మన మీటరు భాషలో చెప్పాలంటే అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. బిందెడు నీళ్ళు, అంటే పదిహేను లీటర్లు ఆవిరైతే పది యూనిట్ల వేడిని అవి మోసుకుపోతాయి. ఆ పనికి కరెంటు ఆఫీసుకు మనం ఒక్క పైసా కట్టం. మనం కట్టేది ఫ్యాన్ తిరిగినందుకు, చిన్న పంపు నీళ్ళు ఎక్కించినందుకు, అంతే.

అయితే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? గాలిలోకే పోతుంది. గాలి ఎండిపోయి ఉన్నంతసేపు ఆవిరిని తాగుతుంది. కడుపు నిండాక తాగదు. మూసిన షెడ్డులో అదే గాలిని మళ్ళీ మళ్ళీ తడుపుతూ తిప్పితే గంటలో దాని కడుపు నిండుతుంది. ఆ తర్వాత కూలరు చల్లబరచదు, ఉక్క మాత్రం పోస్తుంది. నా షెడ్డులో జరిగింది అదే. అందుకే కూలరు బయటి ఎండుగాలిని లోపలికి పీల్చాలి, లోపల పనైపోయిన గాలి రెండో వైపు నుంచి బయటికి పోవాలి. ఏసీ ఉన్న గదికి తలుపు వేయాలి, కూలరు ఉన్న గదికి తలుపు తీయాలి. రెండూ పూర్తిగా వేరే జాతులు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎంత చల్లబడుతుంది? అమ్మేవాళ్ళు పది డిగ్రీలంటారు, పదిహేనంటారు. వాళ్ళ మాట నమ్మక్కరలేదు. మీ షెడ్డు గోడకు రెండు గొట్టాల థర్మామీటరు వేలాడుతుంటుంది కదా, ఒకటి పొడిది, ఒకదాని కింద తడిగుడ్డ ఉంటుంది. చాలామంది ఆ గుడ్డకు నీళ్ళు పోయడం ఎప్పుడో మానేసి ఉంటారు. నేనూ మానేశాను. దాన్ని శుభ్రం చేసి, నీళ్ళు పోసి, మధ్యాహ్నం షెడ్డు బయట నీడలో గాలి ఆడేచోట పెట్టండి. పొడిది ఎంత చూపింది, తడిది ఎంత చూపింది, ఆ రెండింటి తేడా చూడండి. ఎంత మంచి కూలరైనా గాలిని తడిగుడ్డ డిగ్రీ కంటే కిందికి దించలేదు. మంచి ప్యాడ్ ఉంటే ఆ తేడాలో నాలుగింట మూడు వంతులు దించుతుంది.

లెక్క చూద్దాం. ఏప్రిల్ మధ్యాహ్నం మన వైపు పొడి 39 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం అనుకోండి. తడిగుడ్డ 21 దగ్గర నిలుస్తుంది. తేడా 18. అందులో నాలుగింట మూడు వంతులంటే పదమూడున్నర. లోపలికి వచ్చే గాలి 25, 26 డిగ్రీలు ఉంటుంది. ఇంకో మేలు చూడండి. అలా వచ్చిన గాలిలో తేమ 70 శాతం దగ్గరికి చేరుతుంది. పెద్ద పురుగుకు శాస్త్రవేత్తలు చెప్పేది ఎంత? 24, 25 డిగ్రీల వేడి, 65 నుంచి 75 శాతం తేమ. కావాలని కొలిచి పోసినట్టు సరిపోయింది! మన ఎండాకాలపు గాలి పురుగుకు రెండు రకాలుగా శత్రువు. వేడితో చంపుతుంది, ఆకును ఎండబెట్టి ఆకలితో చంపుతుంది. తడి ప్యాడ్ ఆ రెండింటినీ ఒకేసారి సరిచేస్తుంది. ఏసీ అయితే వేడి తగ్గిస్తుంది గానీ గాలిని ఇంకా ఎండబెడుతుంది. ఆకు గంటలో చాపలా తయారవుతుంది.

ఇదే లెక్క ఆగస్టులో వేయండి. పొడి 31, తేమ 65 శాతం. తడిగుడ్డ ఇరవై ఐదున్నర. తేడా ఐదున్నర. కూలరు దించేది నాలుగు డిగ్రీలు, కానీ తేమ తొంభై శాతానికి చేరుతుంది. ఐదో దశ పురుగుకు ఆ తేమ విషం. అప్పుడు నీళ్ళ పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్ మాత్రం తిప్పాలి. నేను పెట్టుకున్న గీత ఇది: పెద్ద పురుగు ఉన్నప్పుడు తేడా ఆరు డిగ్రీల కంటే తక్కువైతే నీళ్ళు బంద్. చాకీ పురుగుకు మాత్రం తేమ ఎక్కువే కావాలి, ఎనభై తొంభై శాతం దాకా, దాని లెక్క వేరు. సముద్రం ఒడ్డు జిల్లాల నుంచి వచ్చిన సోదరులు కూడా ఉన్నారని విన్నాను. మీ దగ్గర మే నెలలో 38 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న రోజున తడిగుడ్డ 30కి దగ్గరగా ఉంటుంది. ఎంత ఖర్చు పెట్టినా 32కు కిందికి రాదు. రాయలసీమ రైతు చెప్పాడని మీరు ఇదే పెట్టి, తర్వాత నన్ను తిట్టుకోకండి. మీలో కోళ్ళఫారాలు ఉన్నవాళ్ళకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఆవిరి వదిలి ఒంటిని చల్లబరుచుకుంటుంది. గాలి కదలకుండా ఫాగర్లతో తేమ మాత్రం పెంచితే ఆ రొప్పు పనిచేయదు. అక్కడ ముందు గాలి వేగం, తర్వాతే నీళ్ళు.

షెడ్డు ఎలా కట్టుకున్నానో చెబుతాను. ఆ మూడు కూలర్లూ సగం ధరకు అమ్మేశాను. తూర్పు వైపు పొట్టి గోడకు, కానుగచెట్టు నీడ పడేచోట, అయిదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు కన్నం చేయించి తేనెపట్టు ప్యాడ్ బిగించాను. నాలుగంగుళాల మందం. ఎదుటి గోడకు, యాభై అడుగుల అవతల, బయటికి ఊదే పెద్ద ఫ్యాన్. మిగతా కిటికీలన్నీ పగలు గట్టిగా మూసేస్తాం. ఇందాక తెరవమన్నాను, ఇప్పుడు మూయమంటున్నాను అనుకోకండి. ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంటే కొత్త గాలి ప్యాడ్ గుండానే రావాలి. మధ్యలో కిటికీ తెరిచి ఉంటే సులువైన దారి అదే కాబట్టి వేడిగాలి అటు నుంచి వచ్చేస్తుంది. గాలికి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి ఉండాలి. మూడోది వద్దు.

కొలతలు ఎలా వచ్చాయంటే, షెడ్డులో పదివేల ఘనపుటడుగుల గాలి పడుతుంది. రెండు నిమిషాలకోసారి అదంతా మారాలనుకున్నాం. అంటే ఫ్యాన్ నిమిషానికి అయిదు వేల ఘనపుటడుగులు లాగాలి. నాలుగంగుళాల ప్యాడ్ గుండా గాలి నిమిషానికి 250 అడుగుల కంటే వేగంగా పోకూడదు, పోతే తడవకుండానే జారిపోతుంది, నీటి తుంపరలు కూడా లోపల పడతాయి. అయిదు వేలను 250తో భాగిస్తే ఇరవై చదరపు అడుగులు. అదే ఆ కన్నం. మీ షెడ్డుకు మీరే ఇలా లెక్క వేసుకోవచ్చు, ఎవరినీ అడగక్కరలేదు.

ఫ్యాన్ మోటారు అర హార్స్‌పవర్. పంపుతో కలిపి గంటకు అర యూనిట్ చుట్టుపక్కల కాలుతుంది. ఇదే షెడ్డును ఏసీలతో చల్లబరచాలంటే, రేకుల కింద, నా అంచనాలో తక్కువలో తక్కువ ఐదారు టన్నులు కావాలి, టన్నుకు గంటకు ఒక యూనిట్ వేసుకోండి. పైగా ఏసీకి షెడ్డు మూయాలి. లోపల వేల పురుగులు ఊపిరి తీస్తుంటాయి, ఆకు ఆవిరి వదులుతుంటుంది, లద్దె కుళ్ళుతుంటుంది. కొత్త గాలి లేకపోతే చల్లని షెడ్డులో కూడా పురుగు చస్తుంది.

నీళ్ళ మాట. అనంతపురం పాత జిల్లా వాళ్ళకు నీళ్ళు ఖర్చు చేయమని చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. కానీ లెక్క చూడండి. ఎండ మండే వేళ ఈ ప్యాడ్ గంటకు సుమారు యాభై లీటర్లు ఆవిరి చేస్తుంది. పదకొండింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా మూడు వందల యాభై లీటర్లు. ఎకరం మల్బరీకి ఒక్క మిల్లీమీటరు మందం నీరు పెడితేనే నాలుగు వేల లీటర్లు. తోటలో డ్రిప్ పైపు ఒకచోట చిట్లి కారితే పోయే నీళ్ళు ఇంతకంటే ఎక్కువ. అయితే మన బోరు నీళ్ళలో ఉప్పు ఉంది. నీరు ఆవిరైతే ఉప్పు మిగిలిపోతుంది. తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడల్లా పైన పోస్తూ పోతే వారంలో ప్యాడ్ మీద తెల్లగా పేరుకుని రాయి అయిపోతుంది. మొదటి ప్యాడ్ నాకు అలాగే ఒక్క ఎండాకాలంలో పోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం తొట్టి అడుగు బిరడా తీసి మిగిలిన నీళ్ళు మొత్తం కొబ్బరిచెట్టుకు వదిలేస్తాం. పంపు ఆపాక ఫ్యాన్ అరగంట తిప్పి ప్యాడ్ ఆరబెడతాం. అప్పుడు పాచి పట్టదు, వాసన రాదు. డబ్బు చాలనివాళ్ళు చెక్కపీచు ప్యాడ్లు వాడొచ్చు, చవక. కాకపోతే అవి కొన్నాళ్ళకు కిందికి జారి పైన సందు పడుతుంది. ఆ సందులోంచి వచ్చే గాలి పొడిగాలే. నెలకోసారి వాటిని ఎగదోయాలి.

ఊజీ ఈగ సంగతి మరిచిపోతే పట్టు రైతులు నన్ను బతకనివ్వరు. ప్యాడ్‌కు నేరుగా వల బిగిస్తే దుమ్ము పట్టి గాలి సగమవుతుంది. ప్యాడ్‌కు అడుగు దూరంలో గూడులా చట్రం కట్టి, వల విస్తీర్ణం ప్యాడ్‌కు రెండింతలు ఉండేలా బిగించాం. వారానికోసారి చీపురుతో దులుపుతాం. ఫ్యాన్ ఆగినప్పుడు అటువైపు నుంచి ఈగ రాకుండా దాని వెనక కూడా వల ఉంది.

ఇంకొకటి నాకు ఎవరూ చెప్పలేదు, దెబ్బ తిని నేర్చుకున్నాను. ఫ్యాన్ ఊరి గాలినంతా షెడ్డులోకి పీల్చుకొస్తుంది. పక్క చేలో టమాటాకు మందు కొడితే ఆ మందు కూడా వస్తుంది. పురుగుల మందు అంటేనే పురుగును చంపేది, మన పురుగైనా, వాళ్ళ పురుగైనా దానికి ఒకటే. ఇప్పుడు చుట్టూ ఉన్న నాలుగు చేల వాళ్ళతో మాట్లాడుకున్నాం. మందు కొట్టే రోజు ముందుగా చెబుతారు, ఆ పూట ఫ్యాన్ ఆపి తడి గోనెలతో గడుపుతాం. బదులుగా వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు మా ఇంటి నుంచి పని ఉంటుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంత చేసినా పైన రేకు మండుతుంటే సగం శ్రమ వృథా. రేకు కింద నిలబడితే నడినెత్తిన కొలిమి పెట్టినట్టుంటుంది. చల్లగాలి వస్తున్నా పై అరలోని పురుగు మీద ఆ సెగ కొడుతూనే ఉంటుంది. కాబట్టి డబ్బు పెట్టే వరస ఇలా ఉండాలని నా అభిప్రాయం: ముందు నీడ, తర్వాత గాలి, చివర నీళ్ళు. రేకుమీద సున్నం రెండు పూతలు వేయండి, తెలుపు ఎండను తిప్పికొడుతుంది. దానిపైన కొబ్బరిమట్టలు పరిస్తే ఇంకా మేలు. లోపల ఈతచాపలతో అటక కట్టండి. ఇవన్నీ ఒక్క కూలరు ధరలో అయిపోతాయి. రాత్రి చల్లబడ్డాక కిటికీలు వలలతో సహా తెరిచిపెట్టండి. రాత్రిగాలిని వదులుకుని పొద్దున కూలరు కొనేవాడు నాకు తెలిసి ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.

ప్యాడ్ దగ్గర 26 ఉన్న గాలి ఫ్యాన్ దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. అందుకని లేత పురుగు, జ్వరానికి పోయే పురుగు ఎటు ఉండాలో చూసుకుని సర్దుకోండి.

కరెంటు సంగతి దాచిపెట్టను. ఈ ఏర్పాటుకు ఒక పెద్ద బలహీనత ఉంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే షెడ్డు మూసిన పెట్టె అవుతుంది. పావుగంటలో కిటికీలు తెరవకపోతే చల్లగాలి లేని దానికంటే ఘోరం. మా ఇంట్లో ఆ వేళ ఎవరో ఒకరు షెడ్డు దగ్గర ఉండి తీరాలి. ఎక్కువసార్లు మా ఇంటామె ఉంటుంది. ఐదో దశలో ఏడెనిమిది రోజులు, పురుగు తినే మొత్తం ఆకులో ఎనభై శాతానికి పైగా తినేది అప్పుడే, ఆమెకు మధ్యాహ్నం కునుకు లేదు. బోరు మోటారుకు వచ్చే కరెంటు గురించి మన సంఘం ఎన్నో పోరాటాలు చేసింది. షెడ్డుకు వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు గురించి ఒక్క వినతిపత్రం ఇచ్చామా? మార్చి నుంచి మే దాకా పట్టు గ్రామాల్లో పగటి కోతలు ఉండకూడదని, మరమ్మతులుంటే ముందు రోజు చెప్పాలని అడగాలి.

రెండోది రాయితీల సంగతి. పట్టు పరిశ్రమకు కేంద్రం సిల్క్ సమగ్ర-2 పథకం పెట్టింది, షెడ్లకు, పరికరాలకు అందులో సాయం పెట్టారు. సాయం వద్దనడం లేదు. ఒక కార్యాలయంలో నేను ఫ్యాన్, ప్యాడ్, సున్నం, అటకకు బిల్లులు పెడతానంటే, యంత్రం బిల్లు తెమ్మన్నారు. సున్నానికి బిల్లు ఎవరిస్తాడు? ఎండ నుంచి పంటను కాపాడిన ఖర్చు ఏదైనా రాయితీకి అర్హం కావాలి. రాష్ట్ర పట్టు పరిశోధనాభివృద్ధి సంస్థ మన హిందూపురం పక్కన కిరికెరలోనే ఉంది. నా షెడ్డు లెక్కలు ఒక్క షెడ్డువి, ఒక్క రైతువి. రేకు షెడ్డు, పెంకు షెడ్డు, కొట్టం, మూడింటిలోనూ మన ఊళ్ళలోనే కొలతలు తీసి, ఏది ఎంత చల్లబడిందో, గూడు బరువు ఎంత వచ్చిందో తెలుగులో అచ్చువేసి ఇవ్వమని సంఘం తరఫున అడుగుదాం.

కౌలు రైతుల సంగతి కూడా ఉంది. షెడ్డు యజమానిది, పురుగు కౌలుదారుది. గోడకు కన్నం పెట్టనిచ్చేదెవరు? పోయిన పంటకు నాకు ఎవరూ పైసా ఇవ్వలేదు, నేను భూమి ఉన్నవాణ్ణి కాబట్టి మళ్ళీ లేచాను. మా వీధిలో కౌలుకు పెంచినాయన అదే ఎండాకాలం తర్వాత బెంగుళూరులో కాపలా పనికి వెళ్ళిపోయాడు. కౌలు ఒప్పందాల గురించి మాట్లాడేటప్పుడు షెడ్డు మార్పుల ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోవాలి.

ఇందాక ఒక అక్క చీటీ పంపింది: ఆకు నిల్వకు ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. దానికి కరెంటే వద్దు. ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళు కూరగాయల కోసం ఇటుకల గది ఒకటి చేశారు. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో మూడంగుళాల సందు, ఆ సందులో ఏటి ఇసుక. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి, పైన తడి గోనె మూత. ఎండాకాలంలో లోపల బయటికంటే పది పదిహేను డిగ్రీలు తక్కువ ఉంటుంది. మోకాలికి కాస్త పైదాకా వచ్చే ఎత్తు చాలు. మేము అదే కొలతతో వేపచెట్టు కింద కట్టుకున్నాం, పొద్దున కోసిన ఆకు సాయంత్రానికి వాడకుండా ఉంటోంది. ఆకును అదిమి కుక్కకూడదు, కుక్కితే లోపల వేడెక్కుతుంది.

ఇప్పుడు చెప్పండి, హాలు ఎలా ఉంది? అదిగో, వెనక కూర్చున్నవాళ్ళు కండువాతో విసురుకోవడం మానేశారు.

మా షెడ్డు చూడాలనుకునేవాళ్ళు ఏప్రిల్ రెండో వారంలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక రండి. పొద్దున వస్తే ఏమీ తెలియదు. అప్పటికి నాలుగో జ్వరం లేచిన పురుగు ఉంటుంది. మీ రెండు గొట్టాల థర్మామీటరు మీరే తెచ్చుకోండి, మా దాన్ని నమ్మక్కరలేదు. చెప్పులు బయట వదిలి, గుమ్మం దగ్గరి సున్నం మీద అడుగు వేసి, చేతులు కడుక్కుని లోపలికి రావాలి. ఆ రోజు ఉదయం మీ చేలో మందు కొట్టి ఉంటే మాత్రం దయచేసి మర్నాడు రండి.